ర్యాప్ కవులలో త్రోవ తీసినవారెవరు?



పాఠశాల పత్రికలో తెలుగు పండితుడు వ్రాయదగిన విషయములు కొన్ని మాత్రమే కలవని లోకము తలచును. పోతన భక్తి, వేమన నీతి, మాతృభాషా మహిమ, ఇట్టివి. ఈ యేడు నేను వానిని ప్రక్కనుంచి ర్యాప్ పాటను గూర్చి వ్రాయబూనితిని. కారణము చెప్పెదను. మన పై తరగతుల బాలబాలికలలో కొన్ని నెలలుగా నొక వాదము నడచుచున్నది. హిప్ హాప్ అను కళను అందఱికంటె నెక్కువగా ప్రభావితము చేసిన ర్యాప్ కవి ఎవ్వరు? ఒకడు టూపాక్ అనును. మఱియొకడు ఎమినెమ్ అనును. ఒక బాలిక కెండ్రిక్ లామార్ పేరు చెప్పి పులిట్జరు బహుమతిని సాక్ష్యముగా తెచ్చును. మన ముంబయి డివైన్ ముందు వీరెంతయని వేఱొకడు లేచును. మధ్యాహ్న భోజనపు విరామమున మొదలైన వాదము సైకిళ్ళు తీయు వేళకును తెగదు.

నేనీ వాదమును చులకనగా చూడను. తిక్కన గొప్పయా, పోతన గొప్పయా అని మా చిన్ననాట మేమును ఇట్లే తగవులాడితిమి. కవులకొఱకు తగవులాడు పిల్లవాడు కవిత్వమునకు చెవి యొగ్గినవాడే. అయితే ఈ పిల్లలు తామై పలుకు ర్యాప్ ఏ భాషలో నున్నదని విచారించితిని. హిందీలో కలదు. మరాఠీలో కలదు. ఆంగ్లమునను కొంత కలదు. తెలుగున మాత్రము లేదు. ఏలయని అడుగగా, "తెలుగులో అది కుదరదు సార్" అని ముక్తకంఠముతో చెప్పిరి. ఆ యొక్క మాటకు సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట వాదమును సరిదిద్దుకొందము. గొప్పవాడు, ప్రసిద్ధుడు, ప్రభావము గలవాడు అను మూడు మాటలను మన పిల్లలు ఒకే యర్థమున వాడుచున్నారు. ఎన్ని లక్షల రికార్డులు అమ్ముడుపోయినవి, ఎందఱు చూచిరి, ఎన్ని బహుమతులు వచ్చినవి అను లెక్కలు కీర్తిని కొలుచును. ప్రభావమును కొలుచుటకు వేఱొక ప్రశ్న వేయవలెను. ఈ కవి పుట్టకపోయినచో, తరువాతి కవులు తాము వ్రాసినట్లు వ్రాయగలిగియుందురా?

మన సాహిత్యమునుండియే నిదర్శనము చూపెదను. గురజాడ అప్పారావుగారు వ్రాసిన గేయములు బహు కొద్ది. 1910లో ఆయన ముత్యాల సరముల నడకను చేపట్టిన నాటికి మహాకావ్యములు వ్రాసిన పండితులు పెక్కుమంది కలరు. వారి గ్రంథముల తూకము ముందు గురజాడ గేయములు తులసీదళమంత. అయినను తరువాతి తరము నడిచినది ఆ దళము చూపిన దిక్కుననే. అంతకు ఎన్నియో శతాబ్దముల ముందు పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తముల పెద్దఱికమును కాదని, దేశీయమైన ద్విపదను, జాను తెనుగును చేపట్టెను. తరువాత ద్విపద వ్రాసినవారందఱు సోమనాథునివలె వ్రాయలేదు. కాని ద్విపదలో పెద్ద కావ్యము నిలుచునను ధైర్యము వారికి ఆయన ఇచ్చినదే. ఒక కవి వెనుక వచ్చినవారు అతనివలె పలికినచో దానిని అనుకరణమందుము. వారు తమ గొంతుతో తాము పలుకగలిగినచో దానిని ప్రభావమనవలెను. ఈ కొలతబద్దను చేతబట్టి ర్యాప్ కవులయొద్దకు పోదము.

తల్లిదండ్రులలో పెక్కుమందికి హిప్ హాప్ అనగా మెడలో గొలుసులు వేసికొని, చేతులూపుచు, అర్థము కాని వేగముతో ఏదియో పలుకు యువకుల గోల. దాని పుట్టుక వినినచో వారే ఆశ్చర్యపడుదురు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనమున, సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక యొక విందు ఏర్పాటు చేసెను. బడి తెఱచు వేళకు క్రొత్త బట్టలు కొనుటకు ఆమెకు డబ్బు కావలసియుండెను. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. సంగీతము వినిపించు పని తన అన్నయైన క్లైవ్‌నకు అప్పగించెను. అతనినే లోకము డీజే కూల్ హెర్క్ అని పిలుచుచున్నది. ఆ కుటుంబము జమైకా ద్వీపమునుండి వలస వచ్చినది. క్లైవ్ 1967లో పండ్రెండేండ్ల ప్రాయమున న్యూయార్క్ చేరెను. అనగా ఈ కళ బడి పిల్ల యవసరమునుండి, వలస వచ్చిన ఇంటినుండి పుట్టినది.

హెర్క్ చేసిన పని యేమి? పాట నడుమ గానము ఆగి వాద్యములు మాత్రము మ్రోగు కొద్ది క్షణములయందే యువకులు ఉత్సాహముగా నాడుచున్నారని అతడు కనిపెట్టెను. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఒకదాని వెనుక నొకటి త్రిప్పుచు, ఆ కొద్ది క్షణములను నిమిషములుగా సాగదీసెను. ఆ మ్రోతపై అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు పట్టి, వచ్చినవారిని పేరుపేరున పలుకరించుచు ప్రాసమాటలు విసరెను. ఆ పలుకరింపులే క్రమముగా ర్యాప్ అయినవి. కావున ఈ కళకు మూలపురుషుడు కవి కాడు, పళ్ళెములు త్రిప్పినవాడు.

నాటి బ్రాంక్స్ ఎట్లుండెనో తెలిసికొనుట మనవంటివారికి అవసరము. నగరము నడుమనుండి పెద్ద రహదారి వేయుటకై వేల కుటుంబములను ఇండ్లనుండి లేపివేసిరి. పనులు పోయినవి. 1970వ దశకమున వీధులకు వీధులే అగ్నికి ఆహుతియైనవి. ఓపెన్ కాస్టు గనులకొఱకు ఊళ్ళు తరలుట చూచిన చంద్రపూరు జిల్లా వారికి ఈ కథ విడమర్చి చెప్పవలసినది కాదు.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వారి రికార్డు ఈ వీధికళను లోకమునకు వినిపించెను. కాని అందు వినోదము, ఆత్మస్తుతి తప్ప మఱొకటి లేదు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఫ్యూరియస్ ఫైవ్ బృందము పేర "ది మెసేజ్" అను రికార్డు వెలువడినది. పగిలిన గాజుముక్కలు, పనిలేని యువకులు, అప్పులవాండ్లు, చెఱసాల, ఇవి అందు వస్తువులు. ఇందు విద్యార్థులు గమనింపదగిన విశేష మొకటి కలదు. రికార్డుపై పెద్ద పేరు ఫ్లాష్‌ది. అతనికి ఈ పాటలో పాలు దాదాపు లేదు. పాటలో అధికభాగము వ్రాసినవాడు డ్యూక్ బూటీ అను స్టూడియో వాద్యకారుడు. అతనితో కలిసి వ్రాసి పలికినవాడు మెల్లీ మెల్. తన వీధిలోని దుఃఖమును ఉన్నదున్నట్లు చెప్పిన ర్యాప్‌ను జనులు వినుదురని ఈ పాట రుజువు చేసెను. అమెరికా జాతీయ గ్రంథాలయము 2002 సంవత్సరమునకు కాపాడదగినవని ఎంచిన మొదటి 50 ధ్వనిముద్రణములలో ఇదియు నొకటి. కీర్తి ఒకరిది, ప్రభావము మఱియొకరిది యగుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఈ పాట వస్తువును మార్చెను. శిల్పమును మార్చినవాడు మఱియొకడు కలడు. నా యోటు అతనికే. అతడు రకీమ్.

1987లో ఎరిక్ బి అను సహచరునితో కలిసి రకీమ్ "పెయిడ్ ఇన్ ఫుల్" అను సంపుటిని వెలువరించెను. నాటికి అతని వయస్సు 19 ఏండ్లు. అంతవఱకు ర్యాప్ కవులు పెక్కుమంది అఱచినట్లు పలుకుచుండిరి. ప్రాస పాదము చివర మాత్రమే పడుచుండెను. వినువానికి ప్రాస ఎప్పుడు వచ్చునో ముందే తెలియును. రకీమ్ సాక్సఫోన్ నేర్చినవాడు, జాజ్ సంగీతమున మునిగినవాడు. అతడు గొంతు తగ్గించి, నింపాదిగా, మాటాడినట్లు పలికెను. ప్రాసను చివరనుండి లాగి పాదము నడుమ నిలిపెను. ఒక పాదమున మొదలైన వాక్యమును తరువాతి పాదములోనికి పాఱనిచ్చెను. ఒక్క పాదమున రెండు మూడు చోట్ల ధ్వనులు ఒకదానినొకటి పిలిచి పలుకునట్లు చేసెను.

అతని తరువాత వచ్చినవారిని చూడుడు. 1994లో "ఇల్‌మ్యాటిక్" వెలువరించిన నాస్ న్యూయార్క్ వాడు. ఎమినెమ్ డెట్రాయిట్‌లో పెరిగిన తెల్లవాడు. కెండ్రిక్ లామార్ కాలిఫోర్నియాలోని కాంప్టన్ వాడు. వీరిలో ఏ యొక్కని గొంతును రకీమ్ గొంతువలె నుండదు. వీరు చెప్పు సంగతులును వేఱు. కాని పాదము లోపల ప్రాసలు అల్లు విద్య ముగ్గురిలోను కలదు. ఆ విద్యకు బాట వేసినవారిలో రకీమ్ మొదట నిలుచును. పోలిక లేని సంతానము గలవాడే మన కొలతబద్దకు నిలుచువాడు.

టూపాక్ పక్షమువారు నా మీద కోపింతురని నేనెఱుగుదును. అతని పాటలలో తల్లిపై ప్రేమ, పేదలపై జాలి, అన్యాయముపై మంట కలవు. అతని హృదయమును నేను కాదనను. కాని అతని వెనుక వచ్చినవారిలో ఎందఱో అతని తలగుడ్డను, పచ్చబొట్లను, కోపమును అనుకరించిరి. హృదయము అరువు దొరకునది కాదు. పబ్లిక్ ఎనిమీ బృందనాయకుడు చక్ డి 1988, 1989లలో రాజకీయ చైతన్యమును ఉఱుమువలె వినిపించెను. అతడు మెల్లీ మెల్ తీసిన త్రోవను రాజమార్గము చేసినవాడు. లారిన్ హిల్ 1998లో వెలువరించిన సంపుటి గానమును ర్యాప్‌ను ఒక్క గొంతులో కలిపి, 1999లో గ్రామీవారి ఉత్తమ సంపుటి బహుమతిని గెలిచెను. కెండ్రిక్ 2018లో పొందిన పులిట్జరు సంగీత బహుమతి అంతకుముందు శాస్త్రీయ సంగీతమునకో జాజ్‌నకో తప్ప అందనిది. ఆ గౌరవము అతని ప్రతిభకు తగినదే. అయినను బహుమతి వచ్చినది త్రోవ సిద్ధమైన తరువాత. త్రోవ తీసినవారి లెక్కలో అతని పేరు ఎచట నిలుచునో ఇంకను 20 ఏండ్లకు గాని తేలదు.

ఇప్పుడు మన పిల్లలు చెప్పిన మాటకు వచ్చెదను. తెలుగులో కుదరదట! నేను వరంగల్లులో పండిత శిక్షణ పొందిన దినములలో ఛందస్సును గురువులు మాకు చేతులతో తాళము వేయించి నేర్పిరి. ఆ చదువు చదివినవానికి రకీమ్ చేసిన పని క్రొత్తగా తోపదు. ఆంగ్లమువారికి ప్రాస పాదాంతమున నుండును. మనకు ప్రాస యనగా పాదమున రెండవ అక్షరము. అది పాదము మొదటనే పలికి, వినువాని చెవిని మేలుకొలుపును. పాదము నడుమ యతి కలదు. ఆటవెలది, తేటగీతి వంటి పద్యములలో యతికి మాఱుగా ప్రాసయతి వేయవచ్చును. అనగా పాదము మొదట రెండవ అక్షరముగా నిలిచిన ధ్వని పాదము నడుమ మఱల పలుకును. ర్యాప్‌లో 1987 నాటికి క్రొత్తగా తోచిన పని మన ఆటవెలదిలో వందల యేండ్లుగా జరుగుచున్నది. వేమన పద్యములు బండి తోలువానికి సైతము కంఠస్థమగుటకు ఈ విద్యయు నొక కారణము.

మఱి పిల్లలకు తెలుగు ఏల కుదరలేదు? వారు ప్రయత్నింపక పోలేదు. హిందీ పాటలవలె పాదాంతమున ప్రాస కట్టిరి. తెలుగు మాటలు అచ్చులతో ముగియును. క్రియలన్నిటికి ఒకే విధమగు ప్రత్యయములు చేరును. "చేసినాడు, పోయినాడు, చూచినాడు" అని ఎవ్వరైనను వెయ్యి ప్రాసలు కట్టవచ్చును. శ్రమ లేక దొరకిన ప్రాసకు రుచి లేదు. తమ పాట చప్పగా నున్నదని వారు భాషను తప్పుపట్టిరి. గడ్డపాఱతో కలుపు తీయబోయి, మడి మంచిది కాదనినట్లున్నది.

ఉదాహరణమునకు నేనే రెండు జతలు కట్టి చూపెదను. వీనిని కవిత్వమని ఎంచకుడు, నల్లబల్లపై వ్రాసిన లెక్కవంటివని ఎంచుడు. మొదటిది పాదాంత ప్రాస:

చీకటుండగానె గనికి పయనము,
చెమట తోడ నిండె నాన్న నయనము.

రెండవది మన ప్రాస:

బొగ్గు తవ్వి, దగ్గు దాచి, నెగ్గుకొచ్చె నాన్న;
సిగ్గుపడక, తగ్గిపోక, ముగ్గు పెట్టె అమ్మ.

బల్లపై దరువు వేయుచు రెండింటిని పలికి చూడుడు. మొదటి జతలో చెవి చివరివఱకు కాచుకొని కూర్చుండును. రెండవ జతలో ఒకే ధ్వని పాదమునకు మూడు తడవలు తట్టును. బొగ్గు, సిగ్గు అను మాటలు రెండు పాదములను మొదటనే ముడివేయును. నడక మూడేసి మాత్రలది. దీనిని మనవారు త్రిశ్రగతి యందురు. 2013లో అట్లాంటా నగరపు మిగోస్ బృందము ప్రచారమునకు తెచ్చిన మూడు దెబ్బల నడక దీనికి చుట్టమే. తెలుగున కుదరదనువారు తెలుగు పనిముట్టును చేతబట్టి చూడలేదనుటయే నిజము.

పనిముట్టు మాత్రమే కాదు, పలుకు పద్ధతియు మనకు కలదు. బుఱ్ఱకథలో కథకుడు తంబుర మీటుచు కథ చెప్పును. ఇరుప్రక్కల ఇద్దఱు వంతలు గుమ్మెటలు వాయించుచు, ఒకడు హాస్యము, ఒకడు రాజకీయము అందించుదురు. షేక్ నాజర్ ఈ కళతో పల్లెపల్లెను కదలించి 1986లో పద్మశ్రీ పొందెను. 2023లో కన్నుమూసిన గద్దర్ గోచి, గొంగళి, డప్పు తప్ప వేఱు ఆడంబరము లేక లక్షల జనమును నిలువబెట్టెను. వీరు ర్యాప్ కవులని నేననుట లేదు. మాటను తాళముపై నిలిపి జనమును నిలిపిన విద్య మన ఇంట నున్నదనుచున్నాను.

మన పొరుగింటను ఆ విద్య కలదు. అన్నాభావు సాఠే పోవాడాలు, వామనదాదా కర్డక్ గీతములు మరాఠీ శ్రామికుల నోళ్ళలో నానినవి. 1956 అక్టోబరు 16వ తేదీన డాక్టర్ అంబేడ్కర్ దీక్ష నిచ్చిన ఈ ఊరిలో, ప్రతి అక్టోబరున దీక్షాభూమియొద్ద భీమగీతములు మనమందఱము వినుచున్నాము. ముంబయిలో పుట్టిన గల్లీ ర్యాప్ అట్టి నేలపైనే మొలచినది. డివైన్ మొదట ఆంగ్లమున పలికెను, పిదప హిందీకి మరలెను. కుర్లా వాడైన నేజీ చిన్ననాట జమైకా గాయకుని పాటలు వల్లించి, తుదకు తన పేట మాటలలో తన పాట కట్టెను. 2014లో ఒక ఐప్యాడ్ సాయముతోనే తన మొదటి పాటను చిత్రీకరించెను. ఇద్దఱు కలిసి పలికిన "మేరే గల్లీ మే" 2015లో వచ్చినది. వారి జీవితముల స్ఫూర్తితో 2019లో "గల్లీ బాయ్" చిత్రము వెలువడినది. ఇద్దఱికిని గుర్తింపు వచ్చినది తమ గల్లీ భాషకు మరలిన తరువాతనే. హైదరాబాదులో రోల్ రైడా వంటివారు తెలుగున ర్యాప్ పలుకుచున్నారు. కాని అది హైదరాబాదు గల్లీ. చంద్రపూరు గల్లీని పలుకవలసినవారు చంద్రపూరు పిల్లలే.

ఇచట తల్లిదండ్రుల ఆక్షేపణమును దాటవేయుట న్యాయము కాదు. ఈ పాటలలో బూతులు కలవు. స్త్రీలను కించపఱచు మాటలు కలవు. తుపాకులను, మత్తుపదార్థములను మెచ్చుకొను పాటలు కలవు. టూపాక్ 1996లో 25వ యేట, నోటోరియస్ బి.ఐ.జి. 1997లో 24వ యేట తుపాకి గుండ్లకు బలియైరి. ఇవి కప్పిపుచ్చదగినవి కావు. అయితే రెండు మాటలు విన్నవించెదను. మన సాహిత్యమునను బడిలో చెప్పరాని పద్యములు ఎన్ని లేవు? చాటువులలో తిట్లు ఎన్ని లేవు? వాని కొఱకు మనము సాహిత్యమును మూసివేయలేదు, ఎంచి చదువుకొంటిమి. రెండవది, ఈ కళలోని దోషమును ఈ కళయే నిలదీసినది. 1984లో రోక్సాన్ షాంటే అను 14 ఏండ్ల బాలిక మగవారి పాటకు ఎదురుపాట పలికి నిలిచినది. 1993లో క్వీన్ లతీఫా స్త్రీలను అవమానించువారిని పాటలోనే నిగ్గదీసి, ఆ పాటకు గ్రామీ బహుమతి పొందినది. పిల్లవాని చెవిలోని తీగను లాగివేయుటకంటె, "నీవు వినుచున్న పాటలో ఒక చరణమునకు అర్థము చెప్పు నాయనా" అని అడుగుట మేలు. అర్థము చెప్పలేనిచో వాడే సిగ్గుపడును. చెప్పగలిగినచో మీరు వాని మనస్సును కొంత తెలిసికొందురు.

మఱియొక ఆక్షేపణము కలదు. "బడిలో తెలుగు చదివించుటయే కష్టముగా నున్నది. ఈ ర్యాప్ తో ఏమి ప్రయోజనము?" అందురు. నా గుండెలోని సంగతి ఇదియే. మన పిల్లవాడు అమ్మమ్మతో తెలుగు, అంగడిలో మరాఠీ, మిత్రులతో హిందీ, పై చదువులకు ఆంగ్లము వాడుచున్నాడు. నాలుగు భాషలు వచ్చుట భాగ్యమే. కాని సంతోషము వచ్చినను, కోపము వచ్చినను, వాడు తెలుగును విడిచి వేఱొక భాషను వెదకుకొనుచున్నాడు. తెలుగు వానికి అన్నము అడుగు భాషగాను, పరీక్ష వ్రాయు భాషగాను మిగిలినది. రాజ్యాంగమున 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ హక్కు బడిని నిలుపగలదు, పుస్తకము నీయగలదు. పదునాలుగేండ్ల బాలుని మనస్సు పొంగినవేళ నోట వచ్చు మాట తెలుగు కావలెనని ఏ అధికరణమును శాసింపజాలదు. అది వానికై వాడు తెచ్చుకొనవలసినది.

వాడు తెచ్చుకొనుటకు అడ్డు ఒకటి కలదు. మన తెలుగులో మరాఠీ మాటలు కలిసినవనియు, ఉచ్చారణము వేఱనియు, హైదరాబాదునుండి వచ్చిన బంధువులు నవ్వుదురు. నేను ఆవలి రాష్ట్రమున చదివి ఈ ఊరు చేరినవాడను, కావున రెండు వైపుల మాటలును నాకు తెలియును. రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో నుండి, 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడగా ఈవలికి వచ్చి, 1959లో చాందా జిల్లాలో చేరినది. సరిహద్దు కదలినంత మాత్రమున మాట మైలపడదు. బల్లార్‌పూరు కాగితపు మిల్లుకు, బొగ్గుగనులకు పనికై వచ్చినవారి తెలుగు వారి చెమటతో కలిసి ఈ నేలకు తగిన రంగు తేఱినది. బ్రాంక్స్ పిల్లల ఆంగ్లమును సైతము దొరల బడులు చెడిన ఆంగ్లమనినవి. ఆ మాటలనే వారు సిగ్గుపడక పలికిరి. నేడు లోకమంతయు ఆ పలుకుబడిని నేర్చుకొనుచున్నది.

కావున విద్యార్థులారా, మీ వాదమును మానుకొనుడని చెప్పను. రకీమ్ కాదు టూపాక్ అని మీరు నాతో వాదించినను సంతోషమే, ఉదాహరణములతో రండు. కాని రకీమ్‌ను మెచ్చినవాడు రకీమ్‌వలె పలుకరాదు. అతడు తన భాషలో వెదకినట్లు తన భాషలో వెదకవలెను.

వచ్చు వార్షికోత్సవమునకు ఒక పోటీ పెట్టవలెనని నా సూచన. పాట ఎనిమిది పాదములకు మించరాదు. ప్రతి రెండు పాదములకు రెండవ అక్షరమున ప్రాస నిలువవలెను. ఈ జిల్లాలో మీరు కన్నులార చూచిన ఒక్క వస్తువునే చెప్పవలెను. అది వేసవి యెండ కావచ్చును, విద్యుత్కేంద్రపు పొగగొట్టము కావచ్చును, చైత్రమున మహాకాళీ జాతర కావచ్చును, రాత్రి పాళీకి పోవు తండ్రి టిఫిను డబ్బా కావచ్చును. ఇంట వాడు మరాఠీ మాటలు వచ్చినచో మార్కులు తగ్గింపరాదు. సినిమా పాటను అనుకరించినచో తగ్గింపవలెను. బూతు పనికిరాదు. తాళమునకు యంత్రము వలదు, డప్పు చాలును, డప్పు లేనిచో బల్ల చాలును. నిర్ణేతలుగా ఇద్దఱు ఉపాధ్యాయులతోపాటు ఒక అమ్మమ్మను కూర్చుండబెట్టవలెను. ఆమెకు అర్థము కాని పాటకు బహుమతి ఈయరాదు.

తల్లిదండ్రులు ఆ దినమున తప్పక వచ్చి ముందు వరుసలో కూర్చుండవలెనని మనవి. మీ పిల్లలు మీ మాటలతోనే మిమ్ము గూర్చి ఏమి చెప్పుదురో వినుడు.